తమ్ముడి సంతకం తమ్ముడే పెట్టాలి

ప్రశ్న:
మా తమ్ముడికి ఇరవై మూడేళ్లు. పుట్టుకతోనే తీవ్రమైన హీమోఫీలియా ఎ, రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు. కుడి మోకాలు ఇప్పటికే సగం వరకే వంగుతుంది. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. రక్తస్రావం అయినప్పుడల్లా పరుగెత్తుకెళ్లి ఫ్యాక్టర్ (రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్) ఎక్కించుకుని వస్తాడు. ఒక్కోసారి స్టాకు ఉండదు. ఈమధ్య ఒక పెద్ద ఆసుపత్రిలో జన్యు చికిత్స మీద ప్రయోగం జరుగుతోందని, ఒక్కసారి ఎక్కిస్తే చాలని, ఖర్చేమీ ఉండదని చెప్పారు. తమ్ముడు రేపే వెళ్లిపోదామంటున్నాడు. నాన్నగారు సరే అంటున్నారు. అమ్మ మాత్రం ‘నా వల్లే వాడికి ఈ జబ్బు వచ్చింది, ఇప్పుడు వాణ్ణి ప్రయోగాలకు కూడా అప్పగించాలా’ అని సరిగ్గా అన్నం తినడం లేదు. ఇంట్లో ఎక్కువ చదువుకున్నది నేనే కాబట్టి నిర్ణయం నాకు వదిలేశారు. మీరు ఇలాంటి ప్రయోగంలో పాల్గొన్నానని గతంలో రాశారు. వాణ్ణి చేర్చమంటారా, వద్దంటారా? నాకు మాఘమాసంలో పెళ్లి అనుకుంటున్నారు. ఆలోగా ఇది తేలాలి.
— ఒక అక్క, తూర్పు గోదావరి జిల్లా

సమాధానం:
చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే వాక్యం దగ్గర ఆగిపోయాను: ‘నిర్ణయం నాకు వదిలేశారు’. మీ తమ్ముడికి ఇరవై మూడేళ్లు. ఆ కాగితం మీద సంతకం చేయాల్సింది అతనే. ఇంట్లో అందరూ కలిసి ఆలోచించండి, గట్టిగా వాదించుకోండి, కానీ చివరి మాట అతనిదే కావాలి. హీమోఫీలియా ఉన్న పిల్లవాడి తరఫున చిన్నప్పటి నుంచీ అన్నీ ఇంట్లో వాళ్లే నిర్ణయిస్తారు. సైకిలు ఎక్కొద్దు, క్రికెట్ ఆడొద్దు, ఆ కాలేజీ దూరం. నా విషయంలోనూ అంతే జరిగింది. ప్రేమతోనే చేస్తారు. కానీ ఈ ఒక్కదాన్నీ అలా చేయకండి.

నా సంగతి కొంత చెప్పాలి. నాదీ మీ తమ్ముడి జబ్బే, ఈ జబ్బులో తక్కువయ్యే ఫ్యాక్టర్ 8 నాకు మామూలు స్థాయిలో ఒక శాతం కన్నా తక్కువ. 2018లో ఫిటుసిరాన్ అనే కొత్త మందు మీద జరిగిన ప్రయోగంలో చేరాను. అది ఫ్యాక్టర్ కాదు. రక్తం మరీ గడ్డకట్టకుండా మన ఒంట్లో కాపలా ఉండే యాంటీథ్రాంబిన్ అనే ప్రోటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేసేలా చూస్తుంది. తక్కెడలో ఒక పళ్లెంలో మనకు సరుకు తక్కువ కదా, రెండో పళ్లెంలో బరువు తగ్గించి ముల్లు నిలబెట్టడం లాంటిది. నెలకు ఒక ఇంజెక్షన్, కడుపు మీద చర్మం కింద.

చేరిన రోజు నేనూ మీ తమ్ముడిలాగే ఉన్నాను. మందు దొరికేసిందనుకున్నాను. తర్వాత తెలిసింది, ఎవరికి మందు ఇవ్వాలో కంప్యూటర్ చీటీ తీస్తుందని. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి మందు, ఒకరికి పాత పద్ధతే. నేను ఆ ఒకరిలో పడ్డాను. తొమ్మిది నెలలు మునుపటిలాగే రక్తస్రావం అయినప్పుడు ఫ్యాక్టర్ ఎక్కించుకోవడం, ఏ కీలు, ఎంత నొప్పి, ఎన్ని యూనిట్లు అని డైరీలో రాయడం. ఆ తొమ్మిది నెలల్లో ఎడమ మోచెయ్యి మూడుసార్లు వాచింది. ఇదంతా అంగీకార పత్రంలో ముందే రాసి ఉంది. నేను చదివాను కూడా. కానీ ఆశతో చదివిన కాగితంలో మనకు కావలసిన వాక్యాలే కనిపిస్తాయి. ప్రయోగం జరిగేది ముందుగా ఒక ప్రశ్నకు జవాబు కోసం. మన ఒంటికి మేలు జరిగితే అది ఆ దారిలో దొరికినది. ఈ తేడా తెలుసుకుని చేరినవాడు మధ్యలో కుంగిపోడు.

తొమ్మిది నెలల తర్వాత నాకూ మందు మొదలుపెట్టారు. కాలేయం పరీక్షలు కొంతకాలం పైకీ కిందికీ వెళ్లాయి. వారం వారం రక్తం ఇచ్చి వచ్చేవాణ్ణి. ఆ తర్వాత ఒక రోజు పొద్దున్న లేచి, బాత్రూం దాకా నడిచి, పళ్లు తోముకుంటుండగా గుర్తొచ్చింది: లేవగానే మోకాలు తడిమి చూసుకోవడం మరిచిపోయాను. ముప్పై ఏళ్లకు పైగా అదే నా రోజులో మొదటి పని. వెచ్చగా ఉందా, బిగిసిందా, ఇవాళ బయటికి వెళ్లగలనా. మరిచిపోయానన్న సంగతి గమనించి అక్కడే నిలబడి ఏడ్చాను. మీ తమ్ముడు రేపే వెళ్లిపోదామని ఎందుకు అంటున్నాడో నాకు తెలుసు. తొందరపాటని కోప్పడకండి.

అయితే మిగతా సగం కూడా వినాలి. నేను చేరకముందే, 2017లో, అదే మందు తీసుకుంటున్న ఒక రోగి మెదడు సిరలో రక్తం గడ్డకట్టి చనిపోయారు. కొంతకాలం ప్రయోగాన్ని ఆపి, రక్తస్రావం అయితే ఫ్యాక్టర్ మామూలు మోతాదులో ఇవ్వకూడదు, తగ్గించి ఇవ్వాలని నియమం పెట్టి మళ్లీ మొదలుపెట్టారు. నా పర్సులో ఆ సంగతి రాసిన కార్డు ఉండేది. ఒకసారి వేరే ఊళ్లో మెట్ల మీద జారిపడ్డాను. అక్కడి ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు నా బరువు అడిగి పూర్తి మోతాదు లెక్క వేశారు. కార్డు చూపించినా ‘ఇదంతా మాకు తెలుసు’ అన్నారు. నేను చేయి వెనక్కి లాక్కుని ప్రయోగం జరిగే చోటికి ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చాను. రాత్రి పదకొండు గంటలకు అవతల ఒక మనిషి ఫోన్ ఎత్తారు కాబట్టి సరిపోయింది.

2020 చివర్లో మరికొందరిలో గడ్డలు కనిపించడంతో మందు మళ్లీ ఆపేశారు. మా ఇంట్లో ఆ రోజులు గుర్తుచేసుకోవాలంటే ఇప్పటికీ కష్టం. మందు ఆపినంత మాత్రాన అది ఒంట్లోంచి వెంటనే పోదు, దాని పని తగ్గడానికి నెలలు పడుతుంది. రోజూ తల నొప్పిగా ఉందా, కాలు వాచిందా అని మా ఆవిడ అడిగేది. కొన్ని నెలల తర్వాత మోతాదు తగ్గించి, యాంటీథ్రాంబిన్ మామూలు స్థాయిలో 15 నుంచి 35 శాతం మధ్య ఉండేలా చూసుకుంటూ మళ్లీ ఇస్తామన్నారు. కొనసాగాలా మానాలా అని కొత్తగా సంతకం అడిగారు. నేను పది రోజులు తీసుకుని కొనసాగాను. 2025 మార్చిలో ఆ మందుకు అమెరికాలో ఆమోదం వచ్చింది. నా డైరీలోని అంకెలు కూడా ఆ లెక్కల్లో ఎక్కడో ఉన్నాయి. అది నాకు చాలా పెద్ద విషయం, దాచుకోను.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. నాకు భయం వేసినప్పుడు మానేసే దారి ఉండేది. వచ్చే నెల ఇంజెక్షన్‌కు వెళ్లకపోతే సరి, కొన్ని నెలలకు నా ఒళ్లు మళ్లీ మునుపటిలా అవుతుంది. మీ తమ్ముడు వెళ్లబోయేది అలాంటిది కాదు. జన్యు చికిత్సలో కూడా ‘ఎప్పుడైనా వైదొలగవచ్చు’ అనే రాసి ఉంటుంది, అది అతని హక్కు. కానీ వైదొలగేది ప్రయోగం నుంచే. ఒంట్లోకి ఎక్కించిన జన్యువును వెనక్కి తీయడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే నా అనుభవం చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, నా అనుభవం చూసి భయపడనూ వద్దు.

అక్కడ ఏ రకం జన్యు చికిత్స ఇస్తున్నారో మీరు రాయలేదు. వెళ్లగానే అడగాల్సింది అదే, ఎందుకంటే రెండు దారులున్నాయి, వాటికి పోలికే లేదు.

మొదటిది, రోగం కలిగించని ఏఏవీ అనే వైరస్‌కు ఫ్యాక్టర్ జన్యువును ఎక్కించి సెలైన్‌లా సిరలోకి వదలడం. అది కాలేయానికి చేరి అక్కడ ఫ్యాక్టర్ తయారు చేయిస్తుంది. హీమోఫీలియా ఎ కి ఇలాంటి మందు ఒకటి, రోక్టేవియన్, 2022లో యూరప్‌లోనూ 2023లో అమెరికాలోనూ ఆమోదం పొందింది. 134 మంది మీద చేసిన దాని పెద్ద ప్రయోగంలో మొదటి ఏడాది రక్తస్రావాలు బాగా తగ్గాయి. కానీ ఫ్యాక్టర్ స్థాయి ఏటేటా దిగుతూ వచ్చింది. కాలేయం వాపు రాకుండా చాలామందికి నెలల తరబడి స్టెరాయిడ్లు ఇవ్వాల్సి వచ్చింది. కనీసం ఏడాది పాటు మద్యం ముట్టకూడదు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి: ఒకసారి ఎక్కించుకున్నాక ఆ వైరస్‌కు వ్యతిరేకంగా ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. మూడేళ్ల తర్వాత ఫలితం తగ్గినా, ఇంతకన్నా మంచి మందు వచ్చినా, ఆ తలుపు అతనికి మూసుకుపోయే అవకాశం ఎక్కువ. చాలామందికి ఆ వైరస్ ఎప్పుడో సహజంగానే సోకి ఆ యాంటీబాడీలు ముందే వచ్చి ఉంటాయి. అలాంటివారిని చాలా ప్రయోగాల్లో మొదటి రక్తపరీక్షలోనే వెనక్కి పంపేస్తారు. మీ తమ్ముడికి ఆ మాట ముందే చెప్పి తీసుకెళ్లండి. అన్నిటికీ సిద్ధపడి వెళ్లినవాడికి ‘నువ్వు పనికిరావు’ అన్న మాట ఎంత గుచ్చుకుంటుందో నాతో పాటు వచ్చిన ఒక కుర్రవాడి ముఖంలో చూశాను.

రెండోది మన పక్కనే, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో జరిగినది. రక్తం తయారుచేసే రోగి సొంత మూలకణాలు తీసి, లెంటీవైరస్ అనే మరో రకం వైరస్ ద్వారా వాటిలో ఫ్యాక్టర్ 8 జన్యువును చేర్చి, తిరిగి ఎక్కించారు. తీవ్రమైన హీమోఫీలియా ఎ ఉన్న ఐదుగురు, 22 నుంచి 41 ఏళ్ల వాళ్లు. ఫలితాలు 2024 డిసెంబరులో వచ్చాయి: చికిత్స తర్వాత గమనించిన కాలంలో ఐదుగురిలో ఒక్కరికీ రక్తస్రావం కాలేదు. చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఏఏవీ యాంటీబాడీలు ఉన్నవారికి కూడా ఇది దారి కావచ్చు. కానీ ఆ కణాలకు ఎముక మజ్జలో చోటు చేయడానికి ముందుగా బలమైన కీమో ఇస్తారు. వారం పది రోజులు రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. జుట్టు రాలడం చిన్న విషయం. పిల్లలు పుట్టే శక్తి దెబ్బతినవచ్చు. ఇరవై మూడేళ్ల కుర్రవాడు అమ్మ, అక్క ముందు ఈ సంగతి అడగడు. అందుకని అతను ఒంటరిగా డాక్టరుతో మాట్లాడేలా చూడండి. కీమోకు ముందే వీర్యం భద్రపరుస్తారా అని అడగాలి. ఇంకొకటి, ఐదుగురంటే ఐదుగురే. గమనించిన కాలం కూడా మనిషికి తొమ్మిది నెలల నుంచి 27 నెలలు. చాలా మంచి మొదలు. పదేళ్ల తర్వాతి సంగతి చెప్పడానికి ఇంకా పదేళ్లు పడుతుంది.

ఈ రెండిట్లో ఏదైనా సరే, డాక్టరుగారిని ‘ఇది పనిచేస్తుందా’ అని అడిగితే ఆయన ‘ఆశిస్తున్నాం’ అనే అంటారు, ఆ జవాబుతో మీకు ఒరిగేదేమీ లేదు. ఇలా అడగండి: పనిచేయకపోతే మా తమ్ముడికి ఏమేం మిగులుతాయి? మూడేళ్లు పనిచేసి ఆగిపోతే ఏమిస్తారు? మా తమ్ముడికన్నా ముందు ఎంతమందికి ఇచ్చారు, వాళ్లలో ఎవరికైనా ఆసుపత్రిలో ఉండాల్సిన పరిస్థితి వచ్చిందా? అర్ధరాత్రి మా ఊళ్లో ఏమైనా అయితే ఎవరు ఫోన్ ఎత్తుతారు? పరీక్షలకు వచ్చిన ప్రతిసారీ రైలు ఛార్జీలు, అతనితో వచ్చే మనిషి కూలి నష్టం ఎవరు భరిస్తారు? ఈ ప్రశ్నలు అడిగితే విసుక్కునే చోట సంతకం చేయవద్దు.

‘ఉచితం’ అన్న మాట గురించి కూడా. ప్రయోగంలో ఉన్న మందుకు రోగి డబ్బు కట్టకూడదు, కాబట్టి అది వాళ్లు చేసే మేలు కాదు. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ప్రయోగం వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, నష్టపరిహారం ఇవ్వాలి, మొదటి మనిషిని చేర్చుకోకముందే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్టరులో నమోదై ఉండాలి. ఆ నమోదు సంఖ్య అడిగి రాసుకోండి. ఎవరైనా చూడగలిగే రిజిస్టరు అది. పొరపాటున కూడా ఎవరైనా ‘ప్రయోగమే కానీ కొంత డబ్బు కట్టాలి’ అంటే, ముఖ్యంగా స్టెమ్ సెల్ అని పేరు చెప్పి అంటే, అక్కడ మంచినీళ్లు కూడా తాగకుండా ఇంటికి వచ్చేయండి.

అంగీకార పత్రం తెలుగులో అడగండి. నాకు ఇచ్చిన తెలుగు కాగితంలో సగం మాటలు నాకే అర్థం కాలేదు. మూడు గంటలు కూర్చుని ఒక్కో పేరా నోటితో చెప్పించుకున్నాను. చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే. ఇంటికి తెచ్చుకుని చదువుకునే హక్కు కూడా మీకుంది. మన తెలుగు నేల మీద ఈ సంతకాల విషయం ఒకసారి ఎలా జరిగిందో గుర్తుందా? 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా పరిశీలన జరిగినప్పుడు హాస్టళ్లలో ఉన్న ఎందరో గిరిజన బాలికల తరఫున వాళ్ల అమ్మానాన్నలు కాదు, వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో దాన్ని ఆపేశారు. టీకా వేయించుకున్నాక కొందరు బాలికలు చనిపోయారు, ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. కానీ ఆ సంతకాలు తీసుకున్న తీరును మాత్రం తప్పుపట్టారు. మంచి మందైనా, అడగకుండా ఇస్తే తప్పే. ఇంట్లో అక్క చేసినా అంతే.

ఇప్పుడు నా అభిప్రాయం. మీ తమ్ముడు ఎందుకు చేరాలనుకుంటున్నాడో అతన్నే అడగండి. ‘ఫ్యాక్టర్ స్టాకు ఉండదు, పరుగెత్తి పరుగెత్తి విసిగిపోయాను’ అన్నది కారణమైతే, వెనక్కి తిరగలేని చికిత్సకు ఆ కారణం చాలదు. ముందు ఆ పని చూద్దాం. రక్తస్రావం అయ్యాక ఫ్యాక్టర్ ఇవ్వడం కాకుండా, కాకముందే వారానికి రెండు మూడుసార్లు కొద్ది మోతాదులో ఇచ్చే పద్ధతి ఉంది. ఎమిసిజుమాబ్ అనే మందు ఉంది. అది చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్, వారానికో, రెండు వారాలకో, నాలుగు వారాలకో ఒకసారి. ప్రయోగం కాదు, 2018 నాటికే ఇన్హిబిటర్లు (ఎక్కించిన ఫ్యాక్టర్‌ను పనిచేయనివ్వని యాంటీబాడీలు) ఉన్నవారికీ లేనివారికీ అమెరికాలో ఆమోదం పొందింది. ప్రభుత్వ బోధనాసుపత్రిలో రక్త వ్యాధులు చూసే హెమటాలజీ విభాగానికి వెళ్లి ఈ రెండూ అందే దారి అడగండి. దొరికితే ఓ ఆరు నెలలు వాడి చూడనివ్వండి. కీళ్లు ప్రశాంతంగా ఉన్న మనసుతో ఆలోచిస్తే అప్పుడు కూడా జన్యు చికిత్సే కావాలనిపించవచ్చు. అప్పుడు చేరితే నేను సంతోషిస్తాను. ప్రయోగాలు ఆగకూడదు, మా తరం మందులన్నీ ముందుగా ఎవరో ఒకరు ఒళ్లు ఇస్తే వచ్చినవే. అవసరం తోసేస్తే వెళ్లడం వేరు, తెలిసి వెళ్లడం వేరు.

మోకాలి గురించి నిజం చెప్పాలి. నాకు రక్తస్రావాలు ఆగాయి కానీ అరిగిపోయిన కీలు తిరిగి రాలేదు. జన్యు చికిత్స కూడా పాడైన కీలును బాగుచేయదు. సగం వంగే మోకాలు రేపు పూర్తిగా వంగుతుందని అతను ఊహించుకుంటూ ఉంటే ఆ మాట ఇప్పుడే మాట్లాడండి. ఫిజియోథెరపీ ఏ నిర్ణయం కోసమూ ఆగనక్కర్లేదు, ఈ వారమే మొదలుపెట్టించండి.

అమ్మగారి సంగతి. ఆమె అడ్డుపడటం లేదు, తనను తాను శిక్షించుకుంటున్నారు. మా అమ్మ కూడా చివరి దాకా అదే చేసింది. మోకాలు వాచిన రాత్రి తువ్వాలులో ఐసు ముక్కలు చుట్టి కూర్చునేది, తెల్లారేదాకా నా వైపు చూసేది కాదు. ఆమెతో ఇలా చెప్పండి: ఈ జబ్బు ఉన్నవారిలో దాదాపు మూడో వంతు ఇళ్లలో ముందు తరాల్లో ఎవరికీ ఉండదు, జన్యువులో మార్పు కొత్తగా వస్తుంది. ఒకవేళ ఆమె నుంచే వచ్చినా, కంటి రంగును ఎవరూ ఎంచుకుని ఇవ్వనట్టే దీన్నీ ఎవరూ ఎంచుకుని ఇవ్వరు. మాటలతో కుదరకపోతే ఆసుపత్రికి ఆమెను కూడా తీసుకెళ్లండి. డాక్టరుగారు నాన్నగారితోనూ మీతోనూ కాకుండా నేరుగా ఆమె ముఖం చూసి ఈ మాట చెప్పాలి. మా అమ్మకు అలా చెప్పినవాళ్లు లేరు.

ఇక మీరు. ఉత్తరమంతా తమ్ముడి గురించి రాసి, చివర మీ పెళ్లి సంగతి ఒక్క వాక్యంలో పెట్టారు. అమ్మగారిలో ఆ జన్యువు ఉంటే అది మీకు వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. వచ్చినంత మాత్రాన పెళ్లికి గానీ పిల్లలకు గానీ అడ్డు కాదు. కానీ తెలిసి ఉండాలి. నెలసరిలో రక్తం ఎక్కువ పోతుందా, పన్ను తీయించుకున్నప్పుడు ఆగకుండా కారిందా, గుర్తు తెచ్చుకోండి; ఈ జన్యువు మోసే ఆడవాళ్లలో కొందరికి ఫ్యాక్టర్ తక్కువగానే ఉంటుంది. రేపు కాన్పు సమయంలో డాక్టరుకు ఈ సంగతి తెలిస్తే మీకూ బిడ్డకూ జాగ్రత్తలు తీసుకుంటారు. తమ్ముడికి కూడా ఒక మాట చెప్పండి: జన్యు చికిత్స అతని కాలేయంలోనో రక్తకణాల్లోనో పనిచేస్తుంది, అతని పిల్లలకు అందే జన్యువును మార్చదు. చికిత్స తర్వాత పుట్టినా అతని కూతుళ్లందరికీ ఇది అందుతుంది, కొడుకులకు అందదు.

అందుకని అతనితో ఆసుపత్రికి వెళ్లే రోజున మీరూ రక్తం ఇచ్చి రండి. ఫ్యాక్టర్ స్థాయి ఒక్కటి చూస్తే తేలదు, జన్యు పరీక్షే చేయాలి. తమ్ముడి జన్యువులో మార్పు ఎక్కడ ఉందో ముందు తెలిస్తే మీ పరీక్ష సులువవుతుంది. అతనికి ఇదివరకే ఆ పరీక్ష చేసి ఉంటే ఆ కాగితం వెతికి సంచిలో పెట్టుకోండి. లేకపోతే మొదట అతనికి చేయమనండి, ఆ తర్వాత మీకు.